సెలవుల్లో పిల్లలకు భారం కాకుండా చదువు నిలిచేదెలా?

ప్రశ్న: పర్లాకిమిడి నుండి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మాకు పర్లాకిమిడిలో చిన్న కిరాణా దుకాణం ఉంది. మా అబ్బాయి ఒడియా మాధ్యమంలో ఏడో తరగతి పూర్తిచేశాడు. ఎండలు ముదిరి బడి మూసినది మొదలు జూన్ నడుమ వచ్చే ఒడియావారి రజొ పండుగ దాటి మళ్ళీ తెరిచేదాకా వాడు పుస్తకం ముట్టడు. తెరిచాక మొదటి నెలంతా పాత పాఠాలు గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతుంది. నిరుడు బడిలో ఇచ్చిన సెలవుల పనిని చివరి రెండు రోజుల్లో, స్నేహితుడి నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఎక్కించేశాడు. భిన్నాల్లో హారాలు వేరుగా ఉంటే ఇప్పటికీ పైఅంకెలను పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేస్తాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా తెలుగు అక్షరాలను కూడబలుక్కునే చదువుతాడు. ట్యూషన్‌లో వేసి సెలవులను కూడా బడిగా మార్చడం నాకు గానీ వాళ్ళమ్మకు గానీ ఇష్టం లేదు. రోజుకు పదిహేను నిమిషాలు మించకుండా, దుకాణం పని మధ్య మేము గంటల తరబడి పక్కన కూర్చోనవసరం లేకుండా ఏమి చేయించవచ్చో, అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు: గుణుపురం నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అయ్యా, ముందుగా ఒక వారం పది రోజులు పిల్లవాణ్ణి పూర్తిగా వదిలేయండి. ఏడాదంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న పిల్లవాడికి ఆ విశ్రాంతి న్యాయంగా రావలసినదే.

ఆ తరువాత భిన్నాల కోసం వేరే పుస్తకం కొననవసరం లేదు, మీ దుకాణమే చాలు. పావు, పరక, వీసం అని మన పెద్దలు వాడిన మాటలు భిన్నాలే. పావులో సగం పరక, పరకలో సగం వీసం. అంటే నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. పావు ఇంకా మన నోట్లో ఉంది గానీ పరక, వీసం పిల్లలకు అందకుండా పోతున్నాయి, అది నాకు బాధగా ఉంటుంది. బేరం లేని వేళ అబ్బాయిని తక్కెడ దగ్గరకు పిలిచి, పావు కిలో పంచదారకు పరక కిలో కలిపితే ఎంతవుతుందో ముందు కాగితం మీద చేయమనండి. తన పాత పద్ధతిలో చేస్తే పన్నెండింట రెండు, అనగా ఆరో వంతు వస్తుంది. అది కిలోలో సుమారు 167 గ్రాములు. ఇప్పుడు 250 గ్రాములు తూచి పెట్టి, దానికి 125 గ్రాములు అతని చేతనే పోయించండి. తూకం 375 చూపిస్తుంది, అంటే ఎనిమిదింట మూడు వంతులు. మొదట తక్కెడలో ఉన్న పావు కిలోకు ఇంకొంత కలిపిన తరువాత మొత్తం ఆ పావు కిలో కంటే తగ్గడం ఎలా సాధ్యమని మీరు ఒక్క మాట అడిగి ఊరుకోండి. కారణం తానే వెతుక్కోనివ్వండి. వెంటనే చెప్పేస్తే ఆ లెక్క మీదవుతుంది గానీ అతనిది కాదు.

మీ ఊరివారికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు, గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే బడిలో పనిచేస్తూ, సవర మాట్లాడే మనిషిని ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఇంట్లో, పని మధ్యలో నేర్చుకున్న విద్య తక్కువదని అనుకోకండి.

జవాబు: రాయగడ నుండి ఒక తల్లి

అన్నయ్యగారూ, రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి రోజూ ఉదయం రెండు గంటల చదువని పట్టిక రాసి గోడకు అంటించాను. నాలుగు రోజులు సాగింది. మరుసటి వేసవిలో ఇంట్లో పేరుకున్న పాత శుభలేఖలను చీట్లుగా కత్తిరించి ఇచ్చాను. ఒకవైపు ప్రశ్న, వెనుక జవాబు తానే రాసుకుంది. మూడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు వరుసగా పెట్టాము. మొదటి డబ్బాలోని చీట్లు రోజూ, రెండవది మూడు రోజులకొకసారి, మూడవది వారానికొకసారి చూడాలి. జవాబు సరిగ్గా చెప్పిన చీటీ తరువాతి డబ్బాకు వెళుతుంది, తప్పినది ఎక్కడున్నా మొదటిదానికి తిరిగి వస్తుంది. రోజుకు ఏడెనిమిది చీట్లకు మించనివ్వలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మా అమ్మాయి చీటీ తిప్పి చూసి, “ఇది నాకు తెలుసు” అని పక్కన పెట్టడం కొన్నాళ్ళకు గమనించాను. అప్పటి నుండి జవాబు పలక మీద రాసిన తరువాతే చీటీ తిప్పాలని నియమం పెట్టాము. ఆ వారం మూడవ డబ్బా దాదాపు ఖాళీ అయింది, మొదటిది నిండిపోయింది. పాపకు ఏడుపు వచ్చినంత పనైంది గానీ, నిజంగా ఏది వచ్చో ఏది రాదో మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

జవాబు: బరంపురం నుండి ఒక బీఎడ్ విద్యార్థి

రాయగడ అక్కగారు చెప్పిన పలక నియమమే ఇందులో ముఖ్యమని నా అభిప్రాయం. ఆ డబ్బాల పద్ధతిని 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చారు. చదివినది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించి, మరికొందరి చేత చదివినదాన్ని చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పెడితే చూడకుండా రాసినవారే ముందున్నారు. పిల్లవాడు గంటసేపు పుస్తకం ముందు కూర్చోలేదని బెంగ పడకండి, పుస్తకం మూసి పది నిమిషాలు గుర్తు తెచ్చుకుంటే చాలు.

జవాబు: కాశీనగర్ నుండి

తెలుగు చదవడానికి మా ఇంట్లో పనికొచ్చినది రైలు ప్రయాణం. నౌపడ నుండి గుణుపురం దాకా 90 కిలోమీటర్ల దారిలో టెక్కలి, పాతపట్నం బోర్డుల మీద తెలుగు ఉంటుంది. మీ ఊరు రాగానే ఒడియా వస్తుంది. రైలు ఆగినంతసేపట్లో చదవాలి కాబట్టి పిల్లలు కూడబలుక్కోవడం మాని, పదాన్ని ఒక్కసారిగా పట్టుకోవడానికి ప్రయత్నిస్తారు.

ప్రశ్న అడిగిన తండ్రి

మాస్టారికి, చెల్లెమ్మకు, అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రమే పంచదార తూయించాను. 375 చూసి తక్కెడ చెడిపోయిందని మొదట అన్నాడు. రెండోసారి తానే తూచాడు. తరువాత కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, “పావు అంటే రెండు పరకలు కదా నాన్నా, అలా అయితే మూడు పరకలు” అన్నాడు. రేపు దుకాణంలోని ఖాళీ అట్టపెట్టెలు కత్తిరించి చీట్లు చేసిస్తాను, మొదటి చీటీ మీద ఈ లెక్కే రాసుకుంటానన్నాడు. ఆదివారం పాతపట్నం వెళ్ళి రావాలని వాళ్ళమ్మతో అనుకున్నాము.