నాన్న కొలెస్ట్రాల్ బిళ్ళ మానేశారు, ఎలా ఒప్పించాలి?

గోదావరిపిల్ల:
మా నాన్నగారికి 67 ఏళ్లు. మండపేటలో ముప్ఫై ఏళ్లు బియ్యం కొట్టు నడిపారు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి రాత్రిపూట ఆటోర్వాస్టాటిన్ 40 వేసుకుంటున్నారనే అనుకున్నాం. మొన్న ఇంటికెళ్లి అలమర సర్దుతుంటే విప్పని షీట్లు ఆరు దొరికాయి. అడిగితే, "పిక్కలు పీకేస్తున్నాయమ్మా. మానేశాక హాయిగా ఉంది. కొలెస్ట్రాల్ కూడా నార్మలే వచ్చిందిగా" అన్నారు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఒకటి చూపించారు. నేనుండేది పుణెలో. అమ్మ ఆయన మాటకు ఎదురు చెప్పదు. నొప్పి గురించి అబద్ధమాడే మనిషి కాదాయన, అందుకే ఏం చెప్పాలో తోచడం లేదు.

సుబ్బు_కేకేడీ:
మీ నాన్నగారు మంచి పనే చేశారు. ఇదంతా కంపెనీల వ్యాపారం. ఆ రీసెర్చ్‌లకి డబ్బు పెట్టేదీ వాళ్లే. వెల్లుల్లి తినమనండి, పొద్దున్నే నడవమనండి.

మందులకొట్టు_పెద్దాయన:
అమ్మాయ్, ముందు ఫోన్ చేసి ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నారో లేదో కనుక్కో. స్టెంట్ ఉన్న మనిషి రక్తం పల్చబడే బిళ్ళ కూడా మానేసి ఉంటే రేపటిదాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి. మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

నేను 31 ఏళ్లు మందుల షాపులో కూర్చున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి నెల చీటీ మొత్తం కొంటారు. మూడో నెలకి "ఆ కొలెస్ట్రాల్‌ది ఉందిలెండి, మిగతావి ఇవ్వండి" అంటారు. షుగర్ బిళ్ళ మానేస్తే నాలుగు రోజుల్లో మీటర్ చెబుతుంది. ఇది మానేస్తే ఒంటికి ఏమీ తెలియదు, పైగా హాయిగా ఉంటుంది. చిక్కంతా అక్కడే. రిపోర్టు నార్మల్ వచ్చింది బిళ్ళ వేసుకుంటున్నప్పుడు. మానేసిన నెలన్నరకి ఒకసారి చేయించి చూడండి.

నాక్కూడా స్టెంట్ ఉంది. నాకూ పిక్కలు పీకాయి. నేనూ మానేశాను, షాపు పెట్టుకుని మరీ! మళ్లీ మొదలెట్టింది ఎలాగో చెబుతాను.

లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఒక పని చేశారు, 2020లో బయటపెట్టారు. స్టాటిన్ (మీ నాన్నగారి ఆటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ బిళ్ళల జాతి పేరు) పడక మానేసిన 60 మందిని తీసుకుని ఏడాదికి పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింటిలో అసలు బిళ్ళలు, నాలుగింటిలో చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి బిళ్ళలు, నాలుగు ఖాళీ. నెలకో సీసా. రోజూ ఫోన్‌లో బాధ ఎంతుందో నూటికి మార్కులు వేసుకోవాలి. ఏ బిళ్ళా లేని నెలల్లో సగటున 8 వచ్చింది. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తి బిళ్ళ వేసుకున్న నెలల్లో 15.4! నొప్పి నిజమే, కానీ ఎక్కువ భాగం బిళ్ళ మింగుతున్నామన్న బెంగలోంచి వచ్చింది. ఫలితం చూపించాక వాళ్లలో సగంమంది మళ్లీ మొదలెట్టారు.

అలాగని అందరి నొప్పీ బెంగే అనకూడదు. కొందరికి నిజంగానే కండరాలు దెబ్బతింటాయి. డాక్టరుతో చెప్పి సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి చూపించండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే వెంటనే ఆస్పత్రికి. పడకపోతే డోసు తగ్గిస్తారు, అదే జాతిలో రోసువాస్టాటిన్‌కి మారుస్తారు, ఎజెటిమైబ్ అనే వేరే రకం కొలెస్ట్రాల్ బిళ్ళ కలుపుతారు. దారులు చాలా ఉన్నాయి. నా డాక్టరు డోసు సగం చేసి, క్యాలెండరులో రోజూ నొప్పికి మార్కు వేసుకోమన్నారు. బిళ్ళ లేని నెల 3, ఉన్న నెల 4. ఆ ఒక్క మార్కు కోసమా నేను గొడవపడింది అనిపించింది.

సుబ్బుగారూ, నడక మంచిదే, వెల్లుల్లీ తినండి. కంపెనీ డబ్బన్న మాటా నిజమే. 1994లో సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ మీద వచ్చిన స్కాండినేవియా అధ్యయనానికి డబ్బిచ్చింది మెర్క్ అనే మందుల కంపెనీయే. కానీ అందులో లెక్కపెట్టింది చావుల్ని. గుండెజబ్బు ఉన్న 4,444 మందిని రెండు జట్లు చేసి ఐదేళ్లకు పైగా చూస్తే, ఉత్తి బిళ్ళ జట్టులో 256 మంది పోయారు, సిమ్వాస్టాటిన్ జట్టులో 182 మంది. ఇక నేను చెప్పిన లండన్ పనికి డబ్బు కంపెనీది కాదు, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌ది.

అమ్మాయ్, నాన్నగారిది బియ్యం కొట్టు అన్నావు కదా. ఈ జాతి మందు మొదట దొరికింది బూజు పట్టిన బియ్యంలోనే అని చెప్పి చూడు. జపాన్‌లో అకిరా ఎండో అని రైతుబిడ్డ. 1971 నుంచి రెండేళ్లలో ఆరువేలకు పైగా బూజుల్నీ, సూక్ష్మజీవుల్నీ వడకట్టాడు. క్యోటోలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యం మీది నీలిబూజులో దొరికింది. ఎలుకల మీద పనిచేయలేదని కంపెనీ పక్కన పెట్టబోతే, గుడ్లు పెట్టే కోళ్లకు వేసి చూపించాడు. ఇప్పటి ఆటోర్వాస్టాటిన్ రసాయనాలతో చేసిందే, కానీ దారి చూపింది ఆ బూజు.

గోదావరిపిల్ల:
ఎకోస్ప్రిన్ మానలేదు, బతికించారు బాబాయ్‌గారూ. డాక్టరుగారు సీకే రాశారు, నార్మల్‌గానే ఉంది. 20తో మళ్లీ మొదలెట్టమన్నారు. క్యాలెండరు సంగతికి నాన్న ఊఁ అన్నారు గానీ, బియ్యం కథ విన్నాక లేచి కూర్చున్నారు. "ముక్కిపోయిందని నేను తిప్పి పంపిన బస్తాలెన్ని! ఇంతకీ ఆ కొట్టువాడికి ఏమన్నా ముట్టిందా?" అని అడగమన్నారు.

మందులకొట్టు_పెద్దాయన:
కనిపెట్టిన ఎండోకే ముట్టలేదు తల్లీ, కొట్టువాడికి ఎవరిస్తారు.