అప్‌డేట్: స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు ముందు బ్రేక్ ప్యాడ్లు, చవకవా ఖరీదైనవా?

ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతున్నాయి, బ్రేక్ వేస్తే బండి పక్కకు లాగుతోంది, ఏ ధరవి వేయించాలి అని అడిగాను కదా, సంగతి తేలింది. అందరికీ థాంక్స్. "ముందుగా క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) చూపించు తమ్మీ" అని ఇక్కడ ఒక అన్న చెప్పిన మాటే నిజమైంది.

హన్మకొండలో మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. ఎడమవైపు లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది, బయటిది సగానికి పైనే ఉంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్, గ్రీజు ఎండి పట్టేసింది. అట్లున్నప్పుడు ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా అంతే! పిన్నులు, వాటి రబ్బరు తొడుగులు కొత్తవి వేయించాను, గీతలు పడ్డ డిస్కులు రెండూ మార్పించాను, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కూడా. ప్యాడ్లు ఒరిజినల్‌వే, రెండు వైపులా.

ట్రాక్ ప్యాడ్ల (రేస్ ట్రాక్ మీద వాడేవి) చర్చ నాకు పనికి రాలేదు. అవి బాగా వేడెక్కితేనే సరిగ్గా పట్టేది, కాజీపేట ట్రాఫిక్‌లో దండగ. ఇప్పుడు బండి పక్కకు లాగకుండా తిన్నగా ఆగుతోంది.