ఎలక్షన్ వచ్చినప్పుడల్లా లైసెన్స్ తుపాకీ స్టేషన్‌లో పెట్టాల్సిందేనా?

పాలమూరు చేను

అందరికీ నమస్తే. మాది నాగర్‌కర్నూల్ వైపు, నల్లమల అంచున ఒక ఊరు. ఏడెకరాల్లో పల్లి వేస్తాం. మా నాయన పేరు మీదున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ, ఆయన పోయాక నా పేరుకు మారింది. అడవి పందులను బెదరగొట్టడానికి గాల్లోకి పేల్చడమే తప్ప ఇన్నేళ్లలో ఎవరి మీదా ఎత్తలేదు. నా మీద కేసు లేదు, నేను ఏ పార్టీ మనిషినీ కాదు.

2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. మర్నాడే స్టేషన్ నుంచి ఫోన్, తుపాకీ తెచ్చి జమ చెయ్యమని. అప్పటికి విత్తనం పడి వారం కాలేదు. పంది కొత్త సాలు పట్టుకుని మూతితో దున్నుకుంటూ పోతుంది, గింజ గింజా ఏరుకు తింటుంది. పొద్దున లేచి చూస్తే చేలో ఎవరో గుంటక తోలినట్టే ఉంటుంది. డబ్బాలు కొట్టాం, మంటలు పెట్టాం, గట్టు చుట్టూ పాత చీరలు కట్టాం. అయినా ఎకరంన్నర మళ్లీ విత్తాల్సి వచ్చింది. డిసెంబర్ 3న ఫలితాలు వస్తే తుపాకీ నా చేతికి వచ్చేసరికి నెలాఖరు అయింది.

2024 మార్చి 16న లోక్‌సభ కోడ్. మళ్లీ జమ. ఈసారి జూన్‌లో ఇంటికి తెచ్చి, విప్పి, గొట్టాలు వెలుతురుకి ఎత్తి చూశాను. లోపల అద్దంలా మెరవాల్సిన చోట కుడి గొట్టం నిండా ఎర్రటి చుక్కలు. గుడ్డకి నూనె రాసి రాడ్‌తో ఎన్నిసార్లు లాగినా ముందు ఎర్రగా, తర్వాత నల్లగా వస్తూనే ఉంది. మడమ దగ్గర చెక్క కూడా చీలింది. రసీదులో ‘ఒక తుపాకీ’ అని, నంబరు అని మాత్రమే ఉంది. ఏ స్థితిలో ఇచ్చానో ఎక్కడా రాయలేదు. అలాంటప్పుడు ఎవరిని అడగాలి?

నా ప్రశ్న ఒక్కటే. తప్పు చేయని మనిషి దగ్గర్నుంచి కూడా, కారణం చెప్పకుండా ప్రతిసారీ తీసుకోవడం న్యాయమేనా?

విశ్రాంత ఖాకీ

తమ్ముడూ, నీ తుపాకీకి తుప్పు పట్టడం మా డిపార్ట్‌మెంట్ తప్పు. అందులో వాదన లేదు. కానీ జమ చేయించడం తప్పని నేను ఒప్పుకోను.

నేను రాయలసీమలో చాలా ఏళ్లు ఎస్సైగా చేశాను. ఫ్యాక్షన్ ఊళ్లో లైసెన్స్ ఉన్న పెద్దాయన పేల్చడు. ఆయన కొడుకో, అల్లుడో, జీతగాడో పేలుస్తాడు. పెద్దాయన మీద కేసు ఉండదు, పేపర్లన్నీ సరిగ్గానే ఉంటాయి. పోలింగ్ ముందు రాత్రి ఊళ్లో నాలుగు జీపులు తిరిగితే, ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో గుర్తు చేసుకుంటూ కూర్చునే టైమ్ ఉండదు. అన్నీ నా మాల్‌ఖానాలో, అంటే స్టేషన్ సామాన్ల గదిలో, ఉన్నాయని తెలిస్తే ఆ ఒక్క టెన్షన్ తగ్గుతుంది.

ఇంకో మాట. ‘నీది ఇవ్వు, నీది వద్దు’ అని నేను ఏరుకుంటూ కూర్చుంటే ఏమవుతుంది? మర్నాడు పొద్దునే నా మీద ఫిర్యాదు, ఎస్సై ఫలానా పార్టీకి అమ్ముడుపోయాడని. అందరి దగ్గరా తీసుకుంటే ఎవరికీ పక్షపాతం అంటగట్టే వీలుండదు. రైతుకి కష్టమే, తెలుసు. కానీ రెండు నెలల పంట నష్టానికి పరిహారం అడగొచ్చు. పోయిన ప్రాణానికి ఏం అడుగుతాం?

సెక్షన్ పదమూడు

వృత్తిరీత్యా లాయర్‌ని. ఖాకీ గారి అనుభవాన్ని కాదనను. కానీ ఆయన చెప్పింది ఆనవాయితీ, రూల్ కాదు.

ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం ప్రతి జిల్లాలో ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, గతంలో, ముఖ్యంగా ఎన్నికలప్పుడు, గొడవల్లో ఉన్నవాళ్లు ఎవరో ఆ కమిటీ చూడాలి. అలా తేలిన వాళ్ల దగ్గర జమ చేయించుకోవాలి. అలహాబాద్ హైకోర్టు 2024 మార్చిలో ఇదే చెప్పింది: ఎలక్షన్ పేరు చెప్పి లైసెన్స్‌దారులందరినీ మూకుమ్మడిగా జమ చేయమనకూడదు, ఫలానా మనిషి దగ్గర ఎందుకు తీసుకుంటున్నామో కారణం ఉండాలి. అది వేరే రాష్ట్రం కోర్టు కాబట్టి మన అధికారులు కట్టుబడాలని లేదు. కానీ వాదించడానికి గట్టి ఆధారం.

పాలమూరు అన్నా, మీరు ‘హక్కు’ అనే మాట వాడలేదు గానీ, రేపు ఎవరో ఒకరు వాడతారు. అందుకని ముందే చెప్తున్నాను. ఆయుధం పట్టుకునే హక్కు మన రాజ్యాంగంలో లేదు. 2023లో సుప్రీంకోర్టు యూపీ అక్రమ ఆయుధాల విషయంలో ఈ మాటే గుర్తు చేసింది, అమెరికా రాజ్యాంగంలా మనది కాదని. కానీ చట్టంలో ఉంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 13 చదవండి. ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకీ రక్షణకో క్రీడకో అడిగినా, నిజంగా పంట కాపలాకి భర్మార్ (గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ) అడిగినా, అడ్డు చెప్పే కారణం లేనప్పుడు అధికారి లైసెన్స్ ‘ఇవ్వాలి’ అని రాసి ఉంది. ‘ఇవ్వొచ్చు’ అని కాదు. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని సెక్షన్ 14లో ఉంది. సస్పెండ్ చేస్తే కారణం రాసివ్వాలని సెక్షన్ 17. ఇదంతా పేదరైతును కూడా దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం.

ప్లేనో నుంచి

టెక్సస్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. అందరూ అమెరికా అమెరికా అంటుంటే నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు దాటిన మనిషి, చట్టం అడ్డుకోని వాడైతే, పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. నాకు టార్గెట్ షూటింగ్ అలవాటు. 2020లో తూటాలు దొరక్క షాపుల ముందు లైన్లు కట్టినప్పుడు రీలోడింగ్ నేర్చుకున్నాను. పేల్చిన ఇత్తడి కేసు, అంటే తూటా డొల్ల, ఏరుకొచ్చి, శుభ్రం చేసి, ప్రెస్ మీద మళ్లీ ఆకారానికి తెచ్చి, కొత్త ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ల), తుపాకీ మందు, గుండు పెట్టడం. సొంత వాడకానికైతే ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు. మందు తూచే కొలత గ్రెయిన్, పౌనుకి 7000 గ్రెయిన్లు. ఒక పిస్టల్ తూటాలో పట్టేది కొద్ది గ్రెయిన్లే. ధ్యాస పక్కకు పోయి ఒకే కేసులో రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే పేలుతుంది. అందుకే గ్యారేజ్‌లో ఆ బల్ల ముందు కూర్చుంటే ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను. ప్రతి కేసులోకి టార్చ్ వేసి చూశాకే గుండు పెడతాను. గంటకి యాభై చేస్తే గొప్ప. ఆ నిదానం నాకు ఇష్టం.

ఇంత ఇష్టం ఉన్నవాడిని అయ్యుండి చెప్తున్నాను, ఇక్కడి పద్ధతి మన దేశానికి వద్దు. 2023 మేలో మా పక్క ఊరు ఆలెన్‌లో మాల్ బయట ఒకడు ఎనిమిది మందిని చంపాడు. చనిపోయిన వాళ్లలో మన హైదరాబాద్ వైపు అమ్మాయి ఉంది. ఆ శనివారం మా ఆవిడ, పాప అదే మాల్‌కి వెళ్దామనుకుని చివరి నిమిషంలో ఆగిపోయారు. ఆ తర్వాత నెల రోజులు నేను ఆ బల్ల దగ్గరికి పోలేదు. తుపాకీ అమ్మేముందు మనిషి గురించి ఎవరో ఒకరు ఆగి, అడిగి, ఊళ్లో విచారించే మన పద్ధతి మంచిదే అనిపిస్తుంది.

పాలమూరు చేను

ప్లేనో అన్నా, మీ మాటకి దండం. ఒకటి అడుగుతాను. మా నాయన కాలంలో పేల్చిన తూటాల ఖాళీ డొల్లలను ఊళ్లోనే మళ్లీ నింపేవాళ్లని విన్నాను. ఇప్పుడు కార్ట్రిడ్జ్ ధర చూస్తే నాకూ ఆశ పుడుతుంది.

సెక్షన్ పదమూడు

ఆ ఆశ ఇక్కడే వదిలేయండి అన్నా, దయచేసి. లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం సెక్షన్ 5 కింద నేరం. డొల్ల నింపినా నా లెక్కలో అది తయారీయే. 2019 సవరణ తర్వాత తయారీ నేరానికి కనీసం ఏడేళ్లు, పైన యావజ్జీవం దాకా. పల్లి చేను కోసం అంత తెచ్చుకోకండి.

ఆ సవరణలోనే ఒక మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని రెండుకి తగ్గించారు. బిల్లు పెట్టినప్పుడు ఒకటే అన్నారు, ఎంపీలు గట్టిగా అడ్డుచెప్తే రెండయింది. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోనే. మంచి కూడా ఒకటి చేశారు, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు.

జంబియా

తుపాకీల మధ్యలో కత్తుల మాట తెస్తున్నాను, కానీ సంబంధం ఉంది.

హైదరాబాద్‌లో ఉంటాను, పాత కత్తులు సేకరిస్తాను. బార్కస్‌లో ఒక పెద్దాయన దగ్గర కొన్న జంబియా ఉంది. వాళ్ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకి వచ్చినవాళ్లు. పెళ్లికొడుకు నడుముకి కట్టే కత్తి అది. ఇంకో బాకు ఉంది, దాని ఉక్కు మీద నీటి అలల్లాంటి గీతలు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొలిమి పక్కన కూర్చునేవాళ్లట. నాది అక్కడి ఉక్కే అని నిరూపించలేను. అయినా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ కొలిమే గుర్తొస్తుంది.

ఆయుధాల రూల్స్‌లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తిని ఆయుధం కింద రాశారు. ఇంటికీ వ్యవసాయానికీ వాడేవి అందులోంచి తీసేశారు. అంటే నా పదంగుళాల జంబియా ఆయుధం, వేటకొడవలి పనిముట్టు. మన రెండు రాష్ట్రాల్లో మనుషుల్ని ఎక్కువగా నరికింది ఏదో ఖాకీ గారిని అడగండి. నా కత్తులన్నీ గాజు తలుపు వెనక, తాళంలో ఉంటాయి. అయినా ఒకసారి కొరియర్‌లో వచ్చిన బాకు పార్సిల్ తెరిచి, నన్ను పిలిపించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కొలతలతో మనిషి ఉద్దేశం ఎలా తెలుస్తుంది?

విశ్రాంత ఖాకీ

కొడవలి మాట నిజం బాబూ. నేను చూసిన హత్యల్లో తుపాకీవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా కొలత లేకపోతే ప్రతి కానిస్టేబుల్ తన బుర్రకి తోచినట్టు నిర్ణయిస్తాడు. అది నీకే ఎక్కువ కష్టం.

సెక్షన్ పదమూడు

జంబియా గారూ, ఆ కత్తులకి లైసెన్స్ కావాలంటే సెక్షన్ 4 కింద ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం నోటిఫై చేసి ఉండాలి. మళ్లీ పిలిస్తే మర్యాదగా ఆ నోటిఫికేషన్ కాపీ అడగండి.

మానేరు

చాలాసేపు రాయాలా వద్దా అనుకున్నాను.

మాది కరీంనగర్ వైపు పల్లె. మా నాన్నకి లైసెన్స్ ఉంది. మీ అందరిలాగే పద్ధతైన మనిషే, కేసు లేదు. కానీ తాగిన రాత్రి బీరువా తాళం చప్పుడైతే మా అమ్మ మమ్మల్ని పెరటి గుమ్మం నుంచి పక్కింటికి పంపేది. ఆయన ఎప్పుడూ పేల్చలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, అంతే. ఆ కూర్చోవడం ఏ స్టేషన్ రికార్డులోనూ ఉండదు. ఎలక్షన్ వచ్చిందంటే మా అమ్మ ముఖం తేటపడేది. ఆ రెండు నెలలూ మేం మా ఇంట్లోనే పడుకునేవాళ్లం.

లాయర్ గారూ, మీ స్క్రీనింగ్ కమిటీ కేసులు చూస్తుంది. మా అమ్మని ఎవరు అడుగుతారు?

సెక్షన్ పదమూడు

అమ్మా, మీరు అడిగినదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. లైసెన్స్ ఇచ్చేముందు పోలీసు విచారణ ఉంటుంది, కానీ వాకిట్లో నిలబడి మగవాళ్లనే అడిగి వెళ్తారు. రెన్యువల్ అప్పుడు ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడగాలని రూల్ ఉంటే బాగుండేది. నేనిన్నాళ్లూ ఈ వైపు నుంచి ఆలోచించలేదు.

కాఫీ తోట

బెంగళూరులో ఉద్యోగం, మా ఆవిడది కర్ణాటకలోని కొడగు (కూర్గ్). అక్కడ కొడవ జాతివాళ్లకి, జమ్మా భూమి (తరతరాలుగా వచ్చే ఒక రకం పట్టా) ఉన్నవాళ్లకి 1861 నుంచీ లైసెన్స్ మినహాయింపు ఉంది. 2019లో మరో పదేళ్లకి పొడిగించారు, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కైల్ పోళ్దు పండక్కి మా అత్తగారింట్లో తుపాకీలకి పూలు పెట్టి పూజ చేస్తారు, మన ఆయుధ పూజలాగా. పిల్లలకి తుపాకీ అంటే మోజూ లేదు, భయమూ లేదు. ఆచారం ఉన్న ఇలాంటి సమాజాలకి ఎన్నికల సంఘం జమ విషయంలో మినహాయింపు ఇస్తుంది. పోటీలకి వెళ్లే షూటర్లకీ, బ్యాంకు గార్డులకీ ఇస్తుంది. పంట కాపలా రైతుకి ఎందుకివ్వదు?

పాలమూరు చేను

మానేరు అమ్మా, నీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువా తాళం చెవి తన మంగళసూత్రం పక్కన పిన్నుకి తగిలించుకుంది. ఇకనుంచి అది అక్కడే ఉంటుంది. నేను అడిగితే తను ఇవ్వాలి. నాకేం అభ్యంతరం లేదు.

ఖాకీ సారూ, పరిహారం అడగొచ్చన్నారు. అడగొచ్చు. కానీ తుపాకీ లేని రాత్రుళ్లు మా దగ్గర కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. ఆ తీగ పందినే చూసి పట్టదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన రైతు, పశువు వెనకాల పోయిన పిల్లాడు దాని మీద పడి పోయిన ఊళ్లు మాకు తెలుసు. మీరు పోలింగ్ రాత్రి ప్రాణం గురించి చెప్పారు, నేను ఈ ప్రాణం గురించి చెప్తున్నాను. కేరళలో 2022లో ఊరి పంచాయతీ ప్రెసిడెంట్‌కే అధికారం ఇచ్చారు, పంటను పాడుచేసే పందిని లైసెన్స్ ఉన్నవాళ్లతో కాల్పించడానికి. అక్కడ లైసెన్స్ తుపాకీ ఊరికి పనికొచ్చే వస్తువు అయింది.

లాయర్ సారు చెప్పినట్టు స్క్రీనింగ్ కమిటీకి అర్జీ రాస్తున్నాను. నా పట్టా పాస్‌బుక్ నకలు, కేసుల్లేవని సర్టిఫికెట్, పంట నష్టం ఫోటోలు పెడుతున్నాను. మా ఆవిడతో కూడా ఒక కాగితం రాయించి సంతకం పెట్టించాను, అది ఎవరూ అడగకపోయినా. జమ చేయక తప్పదంటే గొట్టం లోపలి ఫోటో తీసి రసీదుకి జతచేయమని అడుగుతాను. ఏం జవాబు వస్తే అది ఇక్కడే పెడతాను.

విశ్రాంత ఖాకీ

తమ్ముడూ, జమ చేసేటప్పుడు గొట్టాలకి లోపలా బయటా మందంగా నూనె పట్టించి, నూలుగుడ్డలో చుట్టి ఇవ్వు. తోలు కవర్‌లో మాత్రం పెట్టొద్దు, తేమ పట్టేది అందులోనే. రసీదు మీద ‘గొట్టాలు శుభ్రం, చెక్క బాగుంది’ అని స్టేషన్ రైటర్ (రికార్డులు రాసే కానిస్టేబుల్) చేత రాయించి సంతకం తీసుకో. ఆయన రాయనంటే సీఐ దగ్గరికి వెళ్లు. నేను మాల్‌ఖానా చూసుకున్నప్పుడు అలా రాసిచ్చేవాణ్ణి. అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.