ఖరారునామాలో "సుమారు" ఎందుకుంది?

అందరికీ నమస్కారం, ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి. మా బావగారు గుంటూరులో ఫ్లాట్ కొన్నారు, బ్రోచర్లో "సుమారు 1450 ఎస్ఎఫ్‌టీ" అనుంది, అగ్రిమెంటులోనూ, అదే ఖరారునామాలోనూ, "సుమారు" అనే రాశారు, తీరా తాళాలు చేతికొచ్చాక టేపు పట్టుకుని గదిగదీ కొలిస్తే లోపల 1020 తేలింది. చిన్న బెడ్రూంలో మంచం వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది, అక్క పక్కకి ఒదిగి చీరలు తీసుకుంటోంది. బిల్డర్ని అడిగితే "సుమారు అని రాశాం కదండీ" అన్నాడు. అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదలట్లేదు.

ఇది పారసీ నుంచి వచ్చిన మాట, అక్కడ షుమార్ అంటే లెక్క, ఎంచడం. మన దగ్గరికొచ్చేసరికి లెక్క తేలనిదానికి పేరైంది. ఖరారేమో అరబ్బీది, నిలకడ, స్థిరపడటం అని అర్థం. ఖరారు చేసుకునే కాగితంలో సుమారుకి చోటేంటి? దీని బదులు ఏం రాయాలి?

— మా నాన్నగారు దస్తావేజులు రాసేవారండి. పొలం కాగితాల్లో సుమారు, కుడిఎడంగా అని రాయడం మోసం కాదు, గొలుసు కొలతలో కొంచెం అటూఇటూ అయ్యేది, అందుకే నాలుగు హద్దులూ రాసేవారు, తేడా వస్తే హద్దులదే పైచేయి. ఫ్లాటుకి ఆ అవసరమేముంది? ప్లాను అంగుళాలతో సహా ముందే గీసి ఉంటుంది కదా. పొలం మాటని తెచ్చి నాలుగో అంతస్తులో పెట్టారు.

— అన్నా, సుమారు సంగతి సరే, దేనికి సుమారు అన్నది చూడండి. ఆ 1450 సూపర్ బిల్టప్ అయ్యుంటుంది, మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కలిపి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 2(కె)లో కార్పెట్ ఏరియాకి నిర్వచనం ఉంది, బయటి గోడలు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ పోగా మిగిలిన వాడుకునే చోటు, లోపలి అడ్డగోడలు మాత్రం లెక్కలోకి వస్తాయి. సెక్షన్ 12 చదవండి, ప్రకటన గానీ బ్రోచర్ గానీ మోడల్ ఫ్లాట్ గానీ చూసి డబ్బు కట్టి, అందులో చెప్పింది తప్పై నష్టపోతే పరిహారం ఇవ్వాలి, ఫ్లాటే వద్దనుకుంటే కట్టిందంతా వడ్డీతో వెనక్కివ్వాలి. సంతకం పెట్టారుగా అంటారేమో, 2019లో పయొనీర్ అర్బన్ అనే బిల్డర్ కేసులో సుప్రీంకోర్టు, బిల్డర్ రాసిన ఏకపక్ష కాగితం మీద గత్యంతరం లేక సంతకం చేస్తే ఆ షరతులకి కొన్నవాళ్లు కట్టుబడక్కర్లేదంది. అది ఆలస్యం గురించిన కేసే, కానీ ఆ మాట పనికొస్తుంది. బ్రోచర్ పారేయకండి.

— ఇద్దరికీ చాలా థాంక్సండి. బ్రోచర్ భద్రంగా ఉంది. కార్పెట్ ఏరియా అన్నమాట గురించి కూడా చెప్పాలి, మా బావగారు అది హాల్లో తివాచీ పరిచే చోటు అనుకున్నారట, అందుకే అడగలేదట! చదువుకున్న మనిషికే అర్థం కాని మాట మీద జీవితకాలం దాచుకున్న డబ్బు పెట్టిస్తున్నారు. నాకైతే "లోపలి కొలత" అంటే చాలనిపిస్తోంది, మేస్త్రీకీ అర్థమవుతుంది, మా అమ్మకీ అర్థమవుతుంది. రాత్రి రెరా అధికారులకి పెట్టే ఫిర్యాదు తెలుగులో రాశాం, అలవాటుగా "సుమారు 1020" అని పడింది, కొట్టేసి "లోపలి కొలత 1020 చదరపు అడుగులు" అని మళ్లీ రాశాం.