కొండపల్లి కొండల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ప్రయాణం: సలహా కావాలి

ప్రశ్న: కార్తీక మాసంలో విజయవాడ మిత్రులం ఐదు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలతో కొండపల్లి కొండల మట్టిబాటలో వెళ్లాలనుకుంటున్నాము. మాలో ఇద్దరు కొత్తవారు. ఏమేమి చూసుకోవాలండీ?

జవాబు: అది రిజర్వు అడవి కనుక అటవీ శాఖ అనుమతి చేతికందాకే బయలుదేరండి. కోట వరకు వెళ్లి వస్తే చాలనుకునేవారికి మామూలు రోడ్డే ఉంది.

మరో జవాబు: అనుభవజ్ఞులు ముందూ చివరా ఉండి, కొత్తవారిని మధ్యలో నడిపించండి. ఏటవాలుపై ఒక బండి పూర్తిగా పైకి చేరాకే రెండోది కదలాలి. దిగేటప్పుడు ఫోర్-లోలో (నాలుగు చక్రాలకూ శక్తినిస్తూ బండిని బాగా నెమ్మదిగా నడిపే గేరు అమరికలో) మొదటి గేరు వేసి ఇంజను పట్టుతోనే దిగాలి. తడి మట్టిపై బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి పక్కకు జారుతుంది.

అడిగినవారు: ధన్యవాదాలండీ. టైర్లలో గాలి తగ్గించాలా?

జవాబు: కొంత తగ్గిస్తే రాళ్లపై పట్టు పెరుగుతుంది, కానీ తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపడానికి కంప్రెసర్ వెంట ఉండాలి. ఇరుక్కున్న బండిని లాగే తాడును మాత్రం బండి వెనుక ట్రైలర్ తగిలించే గుండుకు, అంటే టో బాల్‌కు తగిలించకండి, అది విరిగితే తూటాలా ఎగిరివస్తుంది.