72 పేజీల వర్డ్ ఫైలు 64 ఎంబీ ఉంది, ఏం చేసినా తగ్గట్లేదు

రాత్రిపాళీ:
అందరికీ నమస్తే. నా ప్రాజెక్ట్ రిపోర్ట్ 72 పేజీలు, మొదటి నుంచీ వర్డ్‌లోనే రాశాను. నిన్న సైజు చూస్తే 64 ఎంబీ! అప్‌లోడ్ చేసే చోట 10 ఎంబీ దాటితే తీసుకోదు, మెయిల్‌లో పెడితే తిరిగొచ్చేస్తోంది. లోపల ఉన్నవి ఫోన్‌తో తీసిన ఓ పదిహేను ఫోటోలు, కొన్ని స్క్రీన్‌షాట్లు, ఎక్సెల్ నుంచి తెచ్చిన నాలుగు చార్టులు, అంతే, మిగతాదంతా టెక్స్టే. ఫోటోల మూలలు పట్టుకుని లాగి చిన్నవి చేశాను, ఒక్క కేబీ తగ్గలేదు. కొన్నిటిని క్రాప్ చేశాను, అదీ అంతే. కంప్రెస్ పిక్చర్స్ అని ఒకటి కనిపిస్తే అదీ నొక్కాను, 64 కాస్తా 62 అయింది. జిప్ చేస్తే 61. ఎల్లుండే సబ్‌మిషన్, టెన్షన్‌గా ఉంది. గైడ్ గారు ఫైల్లోనే కామెంట్లు రాస్తారట, అందుకని పీడీఎఫ్ వద్దు, వర్డే కావాలన్నారు.

చకచకా:
పీడీఎఫ్ చేసి పంపేయండి, గొడవ వదిలిపోతుంది.

పాతకీబోర్డ్:
చకచకా గారూ, ప్రశ్నలో చివరి వాక్యం ఒకసారి చదవండి :)

రాత్రిపాళీ గారూ, మూలలు లాగితే మారేది పేజీ మీద కనిపించే కొలత ఒక్కటే, అసలు ఫోటో మొత్తం లోపల అలాగే కూర్చుని ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 పిక్సెల్స్ వెడల్పు, 3000 ఎత్తు. మీ పేజీలో దానికి దొరికే వెడల్పు మహా అయితే ఆరంగుళాలు. 150 పీపీఐ (అంగుళానికి ఇన్ని పిక్సెల్స్ అని) చాలనుకుంటే ఆరంగుళాలకి 900 పిక్సెల్స్ సరిపోతాయి, అంటే మీరు మోస్తున్న దాంట్లో దాదాపు ఇరవయ్యో వంతు. క్రాప్ కూడా అలాంటిదే, కత్తిరించిన ముక్కని వర్డ్ పారేయదు, దాచిపెడుతుంది. మీ ఫైలు అందుకున్న ఎవరైనా రీసెట్ పిక్చర్ అండ్ సైజ్ నొక్కితే మొత్తం బయటికొస్తుంది. పక్కన ఉన్న ఏ ఐడీ నంబరో కనపడకూడదని క్రాప్ చేసి ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

కంప్రెస్ నొక్కితే రెండు ఎంబీలే తగ్గిందంటే కారణం నాకు తెలిసినట్టే. ఆ బాక్సులో పైన "అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్" అని ఒకటి ముందే టిక్ అయి ఉంటుంది, దాన్ని తీయకుండా ఓకే కొడితే మీరు ఎంచుకున్న ఆ ఒక్క ఫోటోనే తగ్గుతుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే మోసపోయాను. ఆ టిక్ తీసేయండి, "డిలీట్ క్రాప్డ్ ఏరియాస్" టిక్ ఉంచండి, కింద 150 పీపీఐ ఎంచుకోండి. ప్రింట్ తీయాల్సి ఉంటే 220. తర్వాత ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ దగ్గర "డిస్కార్డ్ ఎడిటింగ్ డేటా" టిక్ పెట్టండి, దాని కింద "డు నాట్ కంప్రెస్" అనేదానికి టిక్ ఉంటే తీసేయండి. ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి, ఒకసారి తగ్గించి సేవ్ చేసి మూసేశాక పాత నాణ్యత మళ్ళీ రాదు.

రాత్రిపాళీ:
అవును, ఆ టిక్ అలాగే ఉంది! తీసేసి చేస్తే 42 అయింది. చాలా థాంక్స్ అండీ. కానీ పదికి ఇంకా చాలా దూరం. 96 పీపీఐ పెట్టనా?

జిప్పువిప్పు:
ఆగండి, 96 పెడితే ఫోటోలు మసకబారతాయి, అయినా రోగం అక్కడ లేకపోవచ్చు. ఊహించి నొక్కుకుంటూ పోయే బదులు లోపల ఏముందో చూడండి, రెండు నిమిషాల పని.

వర్డ్ సేవ్ చేసే డాక్ఎక్స్ ఫైలు అంటేనే ఒక జిప్ ఫైలు. 2007 వర్డ్ నుంచీ అంతే. మీరు జిప్ చేస్తే ఒక్క ఎంబీయే తగ్గింది కదా, అది అందుకే, మూట కట్టినదాన్ని మళ్ళీ మూట కడితే ఏం తగ్గుతుంది. వర్డ్ మూసేసి, ఫైలుకి ఒక కాపీ తీసి, ఆ కాపీ పేరు చివర డాక్ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టండి (ఎక్స్‌టెన్షన్ కనపడకపోతే ఫోల్డర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయాలి). తెరిస్తే లోపల వర్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో మీడియా, ఎంబెడింగ్స్, ఫాంట్స్ అని ఫోల్డర్లు ఉంటే వాటి సైజులు ఇక్కడ చెప్పండి. మీ 72 పేజీల టెక్స్ట్ అంతా డాక్యుమెంట్ అనే ఒక్క ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటుంది, అది ఎంత చిన్నదో చూస్తే మీకే నవ్వొస్తుంది.

పాస్‌వర్డ్ పెట్టిన ఫైలైతే ఇలా తెరుచుకోదు, ముందు పాస్‌వర్డ్ తీసేయాలి. ఇంకో మాట, అక్కడ పెద్దగా కనిపించింది కదా అని జిప్‌లోంచే డిలీట్ చేయకండి, ఆ తర్వాత వర్డ్ ఫైలు పాడైపోయిందంటుంది. చూడటం అక్కడ, తీయడం వర్డ్‌లో.

రాత్రిపాళీ:
చూశాను. మీడియా 4 ఎంబీ. ఫాంట్స్ 6. ఎంబెడింగ్స్ 31!! దాంట్లో నాలుగు ఎక్సెల్ ఫైళ్ళున్నాయి, ఒక్కొక్కటి దాదాపు 8 ఎంబీ. డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్ అయితే 200 కేబీ కూడా లేదు.

ఒక ఎక్సెల్ తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. నా వర్క్‌బుక్ మొత్తం అందులో ఉంది, పదకొండు షీట్లూ. సర్వేలో సమాధానాలిచ్చినవాళ్ళ ఫోన్ నంబర్ల షీట్‌తో సహా. నేను పేస్ట్ చేసింది ఒక చిన్న బార్ చార్టే కదా?

జిప్పువిప్పు:
అనుకున్నదే. చార్ట్ పేస్ట్ చేసినప్పుడు పక్కన వచ్చే ఐదు బొమ్మల్లో "ఎంబెడ్ వర్క్‌బుక్" అన్నది నొక్కి ఉంటారు. అది చార్టుతో పాటు వర్క్‌బుక్ మొత్తాన్ని లోపలికి లాగేస్తుంది, ఒక్కో చార్టుకి ఒక్కో కాపీ. నాలుగు చార్టులు, నాలుగు వర్క్‌బుక్‌లు. చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా అంటే ఎవరికైనా ఆ షీట్లన్నీ తెరుచుకుంటాయి.

చార్టు మళ్ళీ మార్చే పని లేకపోతే సులువైన దారి: వర్డ్‌లో చార్టుని ఎంచుకుని కట్ చేసి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో పిక్చర్‌గా పెట్టేయండి. గైడ్ గారు అంకెలు మార్చమనే రకమైతే ఎక్సెల్‌లో ఒక కొత్త వర్క్‌బుక్ తెరిచి, ఆ చార్టుకి కావలసిన పది వరుసల అంకెలే అక్కడ పెట్టి, దాంతో చార్ట్ గీసి తెచ్చుకోండి. అప్పుడు ఎంబెడ్ చేసినా కొన్ని కేబీలే. లింక్ డేటా అనే దారి కూడా ఉంది గానీ ఫైలు మీ కంప్యూటర్ దాటితే ఆ లింకు తెగిపోతుంది, అందుకే నేను వాడను.

రాత్రిపాళీ:
అదేనండీ, రంగులు మారిపోకూడదని ఆ బొమ్మ నొక్కాను. నాలుగూ పిక్చర్లుగా మార్చాను, ఇప్పుడు 11.3. ఇక ఆ ఫాంట్ల 6 ఎంబీ మిగిలింది. రిపోర్టులో తెలుగు పేజీలున్నాయి, ఒకసారి వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాల్లా వచ్చాయి, అప్పట్నుంచీ ఎంబెడ్ ఫాంట్స్ (ఫాంట్లని ఫైల్లోనే పెట్టేసేది) ఆన్‌లోనే ఉంచాను. తీసేస్తే మళ్ళీ డబ్బాలొస్తాయేమో.

పాతకీబోర్డ్:
పూర్తిగా తీయనక్కర్లేదు. ఆప్షన్స్, సేవ్ దగ్గర ఎంబెడ్ ఫాంట్స్ కిందే "ఎంబెడ్ ఓన్లీ ద క్యారెక్టర్స్ యూజ్డ్" అని ఉంటుంది, దాని పక్కనే "డు నాట్ ఎంబెడ్ కామన్ సిస్టమ్ ఫాంట్స్" కూడా. రెండూ టిక్ చేయండి. మొదటిదానికి ఒక ఇబ్బంది ఉంది, అవతలివాళ్ళు అదే ఫాంటులో మీరు వాడని అక్షరాలు టైప్ చేయాలంటే కుదరదు. గైడ్ గారు తెలుగు పేజీల్ని తిరగరాస్తానంటే మాత్రం ఫాంటు ఫైలుని విడిగా పంపి ఇన్‌స్టాల్ చేసుకోమనండి, కామెంట్లే రాస్తారంటే ఏ బాధా లేదు.

పచ్చసిరా:
పక్కనుంచి ఒక మాట. ఇలాంటి వెతుకులాటతో ఇదే పేజీకి వచ్చినవాళ్ళ ఫైలు ఇంకా పాత డాక్ రకమైతే ముందు సేవ్ యాజ్‌లో డాక్ఎక్స్‌గా మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే సగం పని అయిపోతుంది. 2003, అంతకుముందు వర్డ్‌లలో ఫాస్ట్ సేవ్ అని ఒకటుండేది, మార్చిన ముక్కల్ని చివర అతికించుకుంటూ పోయేది తప్ప తీసేసినదాన్ని నిజంగా తీసేది కాదు. ఏళ్ళ తరబడి పైపైన రాసుకుంటూ వచ్చిన పాత ఫైళ్ళకి నేను చేసేది ఇంకొకటి: చివరి పేరా గుర్తు ఒక్కటి వదిలేసి మిగతాదంతా కాపీ చేసి కొత్త ఖాళీ ఫైల్లో పేస్ట్ చేయడం. పాత చెత్త చాలావరకు ఆ చివరి గుర్తుతో పాటే పాత ఫైల్లో ఉండిపోతుంది. సెక్షన్లు, హెడర్లు ఉంటే మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకి రైటర్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే కంప్రెస్ ఉంది, అక్కడ ఒక్కో బొమ్మకీ విడివిడిగా చేసుకోవాలి.

స్క్రీన్‌షాట్ల విషయంలో అందరూ జేపెగ్ చేయమంటారు, నేను ఒప్పుకోను. అక్షరాలున్న స్క్రీన్‌షాట్ పీఎన్‌జీలోనే చిన్నగా, స్పష్టంగా ఉంటుంది. ఫోటోలకి జేపెగ్. ఫోటోని వేరే చోట కాపీ కొట్టి పేస్ట్ చేస్తే చాలాసార్లు అది పీఎన్‌జీ అయిపోయి ఉబ్బుతుంది, ఇన్సర్ట్ మెనూలోంచి తెచ్చుకోండి.

రాత్రిపాళీ:
5.6 ఎంబీ! అప్‌లోడ్ కూడా అయిపోయింది. ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాను, తెలుగు పేజీలు బాగానే వచ్చాయి, డబ్బాల్లేవు. అందరికీ పేరుపేరునా థాంక్స్.

ఒక్కటే మిగిలింది. పోయిన వారం పాత 64 ఎంబీ ఫైలుని మా బ్యాచ్ వాళ్ళందరికీ లింకుగా పంపాను, ఫార్మాట్ చూసుకుంటామంటే. ఇప్పుడే ఆ లింకు తీసేశాను, తొమ్మిది మంది అప్పటికే దింపుకున్నారు.

జిప్పువిప్పు:
తొమ్మిది మందికీ కొత్త ఫైలు పంపి పాతది డిలీట్ చేయమని విడివిడిగా మెసేజ్ పెట్టండి. గ్రూపులో ఒకసారి పెట్టి ఊరుకోవద్దు.