శ్రీకాకుళానికి ముందు కావాల్సింది ఇండోర్ కోర్టా, గ్రౌండా?

నాగావళి గట్టు:
వానాకాలం వస్తే మన దగ్గర షటిల్ బంద్, వాన లేకపోతే గాలి. డబ్బున్నోళ్ళు ప్రైవేటు కోర్టుకి గంటల లెక్కన కట్టి ఆడుకుంటున్నారు, మిగతా పిల్లలు ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు. మండలానికో ఇండోర్ కోర్టు కావాలని అర్జీ పెడదాం, అందరూ సంతకం పెట్టండి. షటిల్ కోర్టంటే 44 అడుగుల పొడవు, 20 వెడల్పు, చుట్టూ కాస్త జాగా, అంతే కదా.

ఆమదాలవలస గుంటడు:
ఏటి మాస్టారూ, మా పక్క ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరికి ఎవరు కట్టారు ఇండోర్ కోర్టు? విజయనగరం వైపు కొండవెలగాడ పల్లెటూరే, అక్కడి మత్స సంతోషి 2014 కామన్వెల్త్‌లో మెడల్ కొట్టింది. ముందు ఉన్న గ్రౌండ్లు కాపాడండి. మా స్కూలు గ్రౌండ్‌లో బిల్డింగ్ మీద బిల్డింగ్ కట్టేశారు, గుంట పిల్లలు కోతలయ్యేదాకా ఆగి పొలాల్లో క్రికెట్ ఆడతన్నారు.

నాగావళి గట్టు:
వెయిట్ లిఫ్టింగ్ కూడా కప్పు కిందే చేస్తారు బాబూ. మీరు చెప్పింది నా మాటకే బలం.

పలాస జీడి:
రేకుల షెడ్డు వేస్తే తుపానుకి ఎగిరిపోద్ది. 2018 తిత్లీ మర్చిపోయారా?

నాగావళి గట్టు:
గోడలు ఇటుకతో కట్టి, రేకులకి హుక్కులు దగ్గర దగ్గరగా బిగిస్తే ఆగుతాయి. ఎత్తు 30 అడుగులుంటే చాలు.

ఆమదాలవలస గుంటడు:
30 అడుగుల ఎత్తులో రేకులా, మన గాలికా? అయినా కడితే మాత్రం ఎవరికి? ఒకచోట కట్టిన హాలుకి మా తమ్ముడు వెళ్తే మెంబర్‌షిప్ ఉందా అన్నారు. కిటికీలోంచి చూస్తే కోర్టు గీతల మీద పెళ్ళి భోజనాల బల్లలు పేర్చి ఉన్నాయి.

కబడ్డీ అమ్మ:
ఇద్దరూ రేకుల దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్ళో గ్రౌండ్ ఉంది. సాయంత్రమైతే అంతా మగపిల్లల క్రికెట్టే, ఓ మూల మందు సీసాలు. కబడ్డీ ఆడుతుంటే మా అమ్మాయి మోకాల్లో గాజుపెంకు దిగింది. బట్టలు మార్చుకునే గది లేదు, బాత్రూమ్ లేదు, చీకటి పడితే లైటు లేదు.

ఆమదాలవలస గుంటడు:
అంటే మా గుంటలంతా తాగుబోతులా అమ్మా? నా బాధ ఏటంటే, ఇండోర్ అనగానే ఫీజు పెడతారు, ఫీజు పెడితే ఆఫీసర్లు ఆడుకుంటారు, కూలోడి కొడుకు గేటు బయటే ఉంటాడు.

నాగావళి గట్టు:
ఫీజు లేకపోతే కరెంటు బిల్లు ఎవరు కడతారు?

కబడ్డీ అమ్మ:
పెద్దోళ్ళ దగ్గర తీసుకోండి. సాయంత్రం 5 నుంచి 7 దాకా స్కూలు పిల్లలకి ఫ్రీ, అందులో సగం ఆడపిల్లలకి అని గోడ మీద రాసి, తాళం పీఈటీ మేడం చేతికిస్తే నేనూ సంతకం పెడతా. లేదంటే ముందు ఆ గ్రౌండ్‌లో బాత్రూమ్ కట్టించండి.

ఆమదాలవలస గుంటడు:
ఫ్రీ అని రాస్తే నాదీ సంతకం. స్కూలు గ్రౌండ్‌లో మాత్రం కట్టనివ్వను.